చేతిలో పట్టే గాలి మీటరు: రోడ్డు పొగలో ఏది చూస్తుంది, ఏది చూడలేదు

అరచేతిలో ఇమిడే గాలి నాణ్యత మీటర్లు రకరకాల పేర్లతో దొరుకుతున్నాయి. పెట్టె మీద బొమ్మ మాత్రం దాదాపు ఒకటే: వెనకాల రద్దీ రోడ్డు, ముందు ఎర్రగా వెలిగే అంకె. ఆ బొమ్మను నమ్మి కొంటే నిరాశ తప్పదు. వంటింటి పొగను, చెత్త తగలబెట్టిన పొగను ఇవి ఇట్టే పట్టేస్తాయి. వాహనాల పొగ దగ్గరికి వచ్చేసరికి మాత్రం వీటిది సగం చూపే. ఆ సగం కూడా పనికొస్తుంది, కాకపోతే అది ఏ సగమో తెలిసి వాడాలి.

పై డబ్బా ఏ కంపెనీదైనా, లోపలి ధూళి సెన్సర్ చాలావాటిలో కొద్ది కంపెనీలదే. ప్లాంటవర్ పీఎంఎస్5003 గానీ ఆ కుటుంబంలోని ఇంకొకటి గానీ, లేదంటే సెన్సిరియన్ ఎస్‌పీఎస్30 గానీ ఎక్కువగా కనిపిస్తాయి. అందుకే ఈ సమీక్ష డబ్బా రంగు గురించీ యాప్ అందం గురించీ కాదు, లోపలున్న సెన్సర్ గురించి.

పని చేసే తీరు సులువుగానే అర్థమవుతుంది. చిన్న ఫ్యాన్ గాలిని లోపలికి లాగుతుంది. ఆ గాలి లేజర్ కిరణానికి అడ్డంగా వెళ్తుంది. కిటికీలోంచి పడే ఎండ చారలో దుమ్ము మెరిసినట్టే, రేణువు కిరణాన్ని దాటేటప్పుడు వెలుతురు చెదురుతుంది. ఆ మెరుపును పక్కనున్న ఫొటోడయోడ్, అంటే వెలుతురును గుర్తించే చిన్న భాగం, పట్టుకుంటుంది. ఎన్ని మెరుపులు, ఎంత పెద్దవి అన్నదాన్నిబట్టి ఘనపు మీటరు గాలిలో ఎన్ని మైక్రోగ్రాముల ధూళి ఉందో చిప్ లెక్క కట్టి తెర మీద చూపిస్తుంది. ఇక్కడ గమనించాల్సింది, మీటరు దేన్నీ తూచడం లేదు. మెరుపు చూసి బరువు అంచనా వేస్తోంది. రేణువు ఏ పదార్థమో, ఏ రంగో, తడిగా ఉందో పొడిగా ఉందో దానికి తెలియదు. ఫ్యాక్టరీలో ఏ ధూళితో సరిచూశారో, బయటున్నదంతా అదే అనుకుంటుంది.

వాహనాల పొగ విషయంలో చిక్కు ఇక్కడే మొదలవుతుంది. పీఎంఎస్5003 సాంకేతిక పత్రం ప్రకారం 0.3 మైక్రోమీటర్ల (మైక్రోమీటరు అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రేణువుల్లో అది సగాన్నే లెక్కపెట్టగలదు. 0.5 దాటితే 98 శాతం పట్టుకుంటుంది. 0.3 కంటే చిన్నవి దాని దృష్టిలో లేనట్టే. ఇంజిన్ నుంచి వచ్చే రేణువుల్లో మాత్రం, సంఖ్య ప్రకారం చూస్తే, అత్యధికం 0.1 మైక్రోమీటరు, అంటే 100 నానోమీటర్ల లోపువే. రేణువు కాంతి తరంగదైర్ఘ్యం కంటే బాగా చిన్నదైనప్పుడు అది చెదరగొట్టే వెలుతురు విపరీతంగా పడిపోతుంది: వ్యాసం సగమైతే వెలుతురు 64వ వంతుకు దిగుతుంది. పైగా డీజిల్ మసి నల్లగా ఉంటుంది. పడ్డ వెలుతురును చెదరగొట్టేదానికంటే మింగేదే ఎక్కువ. కంటికి కారునలుపుగా కనిపించే లారీ పొగ లేజర్‌కు మాత్రం పలచగా అనిపించడానికి కారణం ఇదే.

తప్పంతా మీటరు మీద వేయడమూ న్యాయం కాదు. తెర మీద కనిపించే పీఎం 2.5, అంటే 2.5 మైక్రోమీటర్లు, అంతకంటే చిన్న రేణువుల కొలత, అసలు బరువు కొలతే. 2.5 మైక్రోమీటర్ల రేణువు ఒక్కటి, అదే సాంద్రత ఉన్న 50 నానోమీటర్ల రేణువులు 1,25,000 కలిపినంత బరువు. కాబట్టి బరువు తూచే ఖరీదైన అధికారిక కేంద్రం కూడా అతిసూక్ష్మ (100 నానోమీటర్ల లోపు) రేణువుల గుంపును దాదాపు గుర్తించదు. వాహన ప్రమాణాలు రాసేవారు అందుకే బరువుతో ఆగలేదు. వాహనాల పొగ మీద యూరప్ పెట్టిన యూరో 6 నిబంధనలో డీజిల్ కార్లకు, నేరుగా ఇంధనం చిమ్మే పెట్రోల్ కార్లకు బరువు పరిమితితోపాటు సంఖ్య పరిమితి కూడా ఉంది: కిలోమీటరుకు 60,000 కోట్ల రేణువులు, అదీ 23 నానోమీటర్లకు పైబడినవే లెక్కపెట్టి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల్లో అతిసూక్ష్మ రేణువులకు కచ్చితమైన పరిమితి పెట్టలేదు గానీ, 24 గంటల సగటు ఘనపు సెంటీమీటరుకు 1,000 లోపుంటే తక్కువనీ, గంట సగటు 20,000 దాటితే ఎక్కువనీ గీత గీసింది. ఆ సంఖ్యను కొలవాలంటే రేణువుల మీద ఆల్కహాల్ ఆవిరినో నీటి ఆవిరినో పేర్చి, అవి ఉబ్బాక లెక్కపెట్టే యంత్రం కావాలి. అది జేబు మీటరు పని కాదు.

ఇక వాయువులు. డీజిల్ వాహనాల ముద్ర అన్నిటికంటే స్పష్టంగా పడేది నైట్రోజన్ డయాక్సైడ్ మీద. ఇంజిన్ నుంచి ఎక్కువగా నైట్రిక్ ఆక్సైడ్ వస్తుంది, అది గాలిలోని ఓజోన్‌తో కలిసి కాసేపట్లోనే డయాక్సైడ్ అవుతుంది. దీనికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వార్షిక మార్గదర్శకం ఘనపు మీటరుకు 10 మైక్రోగ్రాములు. ఈ తరగతి మీటర్లలో చాలావాటికి ఆ సెన్సరే ఉండదు. ఉన్నా అది చిన్న ఎలక్ట్రోకెమికల్ సెల్, అంటే వాయువు తగిలితే రసాయన చర్యతో కరెంటు పుట్టించే గుళిక. ఓజోన్‌ను చూసి కూడా నైట్రోజన్ డయాక్సైడ్ అనుకునే గుణం దానికి ఉంది. ఓజోన్‌ను ముందే ఆపే వడపోత సెల్ ముందు లేకపోతే మధ్యాహ్నం ఎండకు అంకె పెరుగుతుంది, వాహనాలకూ ఆ పెరుగుదలకూ సంబంధం ఉండదు.

రోడ్డు పక్క వాడేవారిని తప్పుదారి పట్టించే అంకె

ఇంటి ముందు పెద్ద రోడ్డు ఉన్నవాళ్లు సాధారణంగా చేసే పరీక్ష ఒకటుంది. రోడ్డంచున ఒకసారి, రెండు వందల మీటర్లు లోపలికెళ్లి ఇంకోసారి కొలుస్తారు. అక్కడ 42, ఇక్కడ 38 అని వచ్చిందనుకోండి. పెద్ద తేడా లేదు, రోడ్డు వల్ల ఏమీ కావడం లేదని తేల్చేస్తారు. ఆ తీర్పు తప్పు. పీఎం 2.5లో పెద్ద భాగం నగరమంతా పరుచుకుని ఉండే నేపథ్య ధూళి. దూరంగా ఎక్కడో మండిన పొగ, వాయువుల నుంచి గాలిలోనే తయారైన సల్ఫేట్లు, నైట్రేట్లు అందులో ఉంటాయి. అది రోడ్డు దగ్గరా, వెనక వీధిలోనూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. రోడ్డు సొంతంగా చేర్చే మసి, అతిసూక్ష్మ రేణువులు, నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం దూరంతోపాటు గబగబా తగ్గుతాయి. లాస్ ఏంజెలెస్ ఫ్రీవేల పక్కన జరిపి 2002లో ప్రచురించిన కొలతల్లో, పగటిపూట గాలివాలు వైపు 300 మీటర్ల దూరానికి వచ్చేసరికి అతిసూక్ష్మ రేణువుల సంఖ్య నేపథ్య స్థాయికి దిగిపోయింది. అంటే ఆ 42, 38 మధ్య తేడా చిన్నదే అయినా, మీటరుకు కనిపించని సరుకులో తేడా కొన్ని రెట్లు ఉండవచ్చు.

కాబట్టి రోడ్డుకు ఎంత దూరంలో ఇల్లు చూసుకోవాలి, పిల్లల పడకగది ఏ వైపు ఉండాలి లాంటి నిర్ణయాలకు ఈ మీటరును సాక్షిగా నిలబెట్టకూడదు. ఈ తరగతి మీటర్ల మీద ఉన్న ఫిర్యాదుల్లో అన్నిటికంటే బరువైనది ఇదే. యాప్ ఆగిపోవడం, తెర మసకబారడం లాంటివి దీని ముందు చిన్నవి.

పీఎం 10 (10 మైక్రోమీటర్ల వరకు ఉన్న రేణువులు) అంకె మరీ బలహీనం. టైర్ల అరుగుదల, బ్రేకుల పొడి, రోడ్డు మీద నుంచి లేచే దుమ్ము చాలావరకు ముతక రేణువులు. ఎలక్ట్రిక్ వాహనాలొచ్చినా పోని కాలుష్యం ఇది. ఆ ముతక రేణువులు చిన్న ఫ్యాన్ లాగే నెమ్మది గాలిలో, వంకర దారిలో కిరణం దాకా సరిగ్గా చేరవు. ఎస్‌పీఎస్30 తయారీదారే పీఎం 4, పీఎం 10 విలువలను చిన్న రేణువుల లెక్క నుంచి అంచనా కట్టి ఇస్తున్నట్టు చెబుతున్నాడు. తవ్విన రోడ్డు పక్కన దుమ్ము కళ్లలో పడుతున్నా తెర మీద అంకె ప్రశాంతంగా ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆ గడిని చూడకపోవడమే మంచిది.

తేమ ఇంకో తంటా. గాలిలో తేమ 80, 85 శాతం దాటాక రేణువులు నీరు పీల్చి ఉబ్బుతాయి, వెలుతురు ఎక్కువ చెదురుతుంది, మీటరు దాన్ని ధూళి ఖాతాలో వేస్తుంది. మంచు పొరలు దట్టంగా ఉన్న తెల్లవారుజామున 200 చూపించినదాంట్లో నీళ్ల వాటా చాలానే ఉంటుంది. అధికారిక కేంద్రాల్లో లోపలికొచ్చే గాలిని కాస్త వేడిచేసి తేమ తగ్గించే ఏర్పాటు ఉంటుంది. జేబు మీటరులో ఉండదు. అమెరికా పర్యావరణ సంస్థ రెండు పీఎంఎస్5003 సెన్సర్లున్న పర్పుల్‌ఎయిర్ మీటర్ల కోసం తేల్చిన సవరణ చూస్తే తేడా ఎంతో అర్థమవుతుంది: సెన్సర్ అంకెను 0.524తో గుణించి, అందులోంచి తేమ శాతాన్ని 0.0862తో గుణించగా వచ్చింది తీసేసి, 5.75 కలపాలి. సెన్సర్ 100 అంటే, తేమ 70 శాతం ఉంటే, లెక్క 52 దగ్గర తేలుతుంది. దాదాపు సగం. ఈ సూత్రం అమెరికా గాలికి, ఆ మీటరుకు కట్టింది. అన్నిచోట్లా అతికించేయకూడదు. సెన్సర్ ఇచ్చే ముడి అంకెను అలాగే నిజమనుకోకూడదన్న మాట మాత్రం ఎక్కడైనా చెల్లుతుంది.

తెర మీద పెద్దగా కనిపించే ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) కంటే కింద చిన్నగా ఉండే మైక్రోగ్రాముల అంకెనే చూడాలి. ఏక్యూఐ దేశానికో రకం. పీఎం 2.5 24 గంటల సగటు 35 మైక్రోగ్రాములు అయితే అమెరికా లెక్కలో అది 100 దగ్గర, భారత లెక్కలో 58 దగ్గర. పైగా ఆ సూచీ రోజు సగటు మీద కట్టాల్సింది. బస్సు వెనక పది సెకన్ల గాలిని సూచీగా మార్చి ప్రమాదకరం అని ఎర్రగా చూపించడం భయపెట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

సరిగ్గా కొలవాలంటే

ఆన్ చేసిన వెంటనే వచ్చే అంకెలు వదిలేయాలి. ఫ్యాన్ వేగం కుదురుకోవడానికి ప్లాంటవర్ పత్రమే కనీసం 30 సెకన్లు ఆగమంటుంది. ఏసీ గదిలోంచి ఉక్కపోత బయటికి తెస్తే లోపలి కటకం మీద తేమ పట్టే అవకాశం ఉంది. అలాంటప్పుడు పది నిమిషాలైనా ఆగాలి. మీటరును ముక్కు ఎత్తున, అంటే మీటరున్నర దగ్గర పట్టుకోవాలి. తోపుడు బండిలో కూర్చునే పసిపిల్లల కోసం కొలుస్తుంటే ఇంకా కిందికి దించాలి, సైలెన్సర్ గొట్టం ఎత్తు అదే. గాలి లోపలికెళ్లే రంధ్రం ఎదురుగాలికి నేరుగా ఉండకూడదు. చిన్న ఫ్యాన్ కాబట్టి గాలి విసురుకు ప్రవాహం మారి అంకె అటూ ఇటూ ఊగుతుంది. నడుస్తున్న స్కూటర్ మీద హ్యాండిల్‌కు తగిలించి తీసిన వీడియోల్లోని అంకెలకు విలువ లేకపోవడానికి కారణం ఇదే. ఎండలో పెడితే డబ్బా వేడెక్కి ఉష్ణోగ్రత ఎక్కువగా, తేమ తక్కువగా చూపుతుంది. ఆ తేమ అంకెతో యాప్ సవరణ చేస్తుంటే ధూళి అంకె కూడా తప్పుతుంది.

ఒక్కో చోట కనీసం పది నిమిషాల సగటు తీసుకోవాలి. గాలి ఎటు వీస్తోందో రాసుకోవాలి. రోడ్డుకు గాలివాలు వైపు, ఎదురు వైపు రెండు చోట్లా కొలిచి తేడా తీస్తే నేపథ్యం కొట్టుకుపోయి రోడ్డు వాటా కొంత బయటపడుతుంది. ఒకే మీటరుతో వెంటవెంటనే, అటూ ఇటూ మార్చి మార్చి కొలవడం మేలు. రెండు మీటర్లుంటే ముందు వాటిని పక్కపక్కన గంటసేపు నడిపి వాటి మధ్య తేడా ఎంతో తెలుసుకున్నాకే విడదీయాలి.

సెట్టింగుల్లో ఎంతసేపటికోసారి కొలవాలన్నది తప్పక చూడాలి. ధూళి సెన్సర్ ఫ్యాన్, లేజర్ కలిసి 5 వోల్టుల దగ్గర 100 మిల్లీఆంపియర్ల దాకా లాగుతాయి, అంటే అర వాట్. బ్యాటరీ 2,000 మిల్లీఆంపియర్ అవర్లదైతే అందులో ఉన్నది 7.4 వాట్ అవర్లు. తెర, బ్లూటూత్, మార్పిడి నష్టం పోగా ఆగకుండా కొలిస్తే పది గంటలు దాటడం కష్టం. పెట్టె మీద వారం రోజులు వస్తుందని రాసి ఉందంటే అది ఐదు పది నిమిషాలకోసారి మేలుకుని కొలుస్తోందన్న మాట. గదిలో అది చాలు. రోడ్డు మీద చాలదు. పొగ వదిలే బస్సు పక్కనుంచి వెళ్లే ఆ పది పదిహేను సెకన్లలో మీటరు నిద్రపోతూ ఉంటుంది. రోడ్డు కొలతకు ఆగకుండా కొలిచే పద్ధతి పెట్టుకుని వెంట పవర్ బ్యాంక్ పట్టుకెళ్లాలి.

కారులో మాత్రం ఈ మీటరు తన విలువ నిరూపించుకుంటుంది. బయటి గాలి లోపలికి రాకుండా లోపలి గాలినే తిప్పే బటన్ నొక్కితే, ఫిల్టర్ బాగుంటే, పీఎం 2.5 కొద్ది నిమిషాల్లోనే దిగిపోవడం కళ్లముందే కనిపిస్తుంది. దిగలేదంటే ఫిల్టర్ చెడిపోయి ఉండాలి, సరిగ్గా కూర్చోక అంచుల్లో సందు ఉండాలి, లేదా అసలు ఫిల్టరే లేకపోవచ్చు. ఆ బటన్ అలాగే వదిలేస్తే నలుగురి ఊపిరికి కార్బన్ డయాక్సైడ్ వేలల్లోకి ఎక్కి మత్తుగా అనిపిస్తుంది. అందుకని కారు కోసం కొనేవారు కార్బన్ డయాక్సైడ్ సెన్సర్ కూడా ఉన్నదే తీసుకోవాలి. 1,500 పీపీఎం (పది లక్షల్లో 1,500 వంతులు) దాటగానే రద్దీ లేని చోట బయటి గాలి తెరిచి, తగ్గాక మళ్లీ మూయడం ఆచరణలో కుదిరే పద్ధతి. మామూలు కాగితపు ఫిల్టర్ వాయువులను ఆపదు. ముందున్న లారీ నైట్రోజన్ డయాక్సైడ్ కొంతైనా తగ్గాలంటే యాక్టివేటెడ్ కార్బన్ పొర ఉన్న ఫిల్టర్ కావాలి. ఆ తేడాను ఈ మీటరు చూపించదు.

కార్బన్ డయాక్సైడ్ అనగానే ఇంకో మోసం గుర్తుచేయాలి. చవక మీటర్లలో ఆ అంకె నిజంగా కొలిచింది కాదు. వాసన వాయువులకు స్పందించే మెటల్ ఆక్సైడ్ చిప్ నుంచి ఊహించి రాసినది. పరీక్ష తేలిక: మీటరు దగ్గర శానిటైజర్ మూత తెరవండి. కార్బన్ డయాక్సైడ్ ఒక్కసారిగా ఎగిరితే అది ఉత్త ఊహ. మీటరులో ఫార్మాల్డిహైడ్ అనే వాయువు గడి ఉంటే అదే పరీక్షకు అది కూడా ఎగురుతుంది, చవక ఎలక్ట్రోకెమికల్ సెల్ ఆల్కహాల్‌కూ స్పందిస్తుంది కాబట్టి. నిజమైన సెన్సర్ అయితే పరారుణ కాంతితో కొలిచే ఎన్‌డీఐఆర్ అనో, సెన్సిరియన్ ఎస్‌సీడీ40, ఎస్‌సీడీ41 అనో వివరాల్లో పేరు ఉంటుంది. వీటిని కూడా వారానికోసారి బయటి గాలి తగిలేలా ఉంచాలి. అవి చూసిన కనిష్ఠ స్థాయిని బయటి గాలిగా భావించి తమను తాము సరిచేసుకుంటాయి. ఎప్పుడూ మూసిన గదిలోనే ఉంటే మెల్లగా తక్కువ చూపడం మొదలెడతాయి.

ఎక్కడ పాడవుతుంది

ముందు పోయేది ఫ్యాన్. గరగరమని చప్పుడు మొదలైతే ప్రవాహం తగ్గుతోందని అర్థం. రోడ్డు పక్క వాడితే నూలు పోగులు, చిన్న పురుగులు, సాలెగూళ్లు లోపల చేరతాయి. అంకె ఉన్నట్టుండి వందల్లోకి ఎక్కి అక్కడే కదలకుండా నిలబడితే ముందు అనుమానించాల్సింది కిరణానికి అడ్డంగా ఇరుక్కున్న పోగునే. చేత్తో పట్టుకునే గాలి పంపుతో రంధ్రాల దగ్గర మెల్లగా ఊదవచ్చు. కంప్రెసర్ గొట్టం పెట్టి ఊదితే ఫ్యాన్ రెక్కలు పోతాయి. ఎస్‌పీఎస్30 వారానికోసారి ఫ్యాన్‌ను పూర్తి వేగంతో తిప్పి తనే దులుపుకుంటుంది. కానీ ఆ లెక్క ఆగకుండా ఆన్‌లో ఉంటేనే సాగుతుంది. రోజూ ఆపేసేవారు సెట్టింగుల్లోంచి చేత్తో నడిపించాలి. ఆయుష్షు విషయంలోనూ తేడా ఉంది. ప్లాంటవర్ చెప్పేది మూడేళ్లకు పైమాట, సెన్సిరియన్ చెప్పేది అంతకు రెండింతలు మించి.

నెలకోసారి సున్నా పరీక్ష చేయాలి. హెపా ఫిల్టర్ (సన్న ధూళిని ఆపే వడపోత) ఉన్న ఎయిర్ ప్యూరిఫైయర్ శుభ్రమైన గాలి వదిలే చోట, ఆ విసురుకు అడ్డంగా కాకుండా కాస్త పక్కకు తిప్పి పెట్టి ఐదు నిమిషాలు ఆగాలి. 0, 1 దగ్గరికి రావాలి. ఐదారు దగ్గరే ఆగిపోతే లోపల మురికి పేరుకుంది. పై అంకెల సంగతి తేల్చడానికి మార్గం ఒక్కటే: అధికారిక గాలి కేంద్రం కంచె పక్కన కొన్ని గంటలు మీటరును ఉంచి, గంట సగటులను ఆ కేంద్రం వెబ్‌సైట్లో వచ్చే గంట సగటులతో పక్కపక్కన రాసుకోవడం. పొడి రోజున ఒకసారి, తేమ రోజున ఒకసారి చేస్తే సొంత మీటరుకు సొంత సవరణ దొరుకుతుంది. ఇది ఒక పూట పని, కానీ ఏ యాప్ నవీకరణ కంటే ఎక్కువ ఉపయోగం.

కొనేటప్పుడు సెన్సర్ పేరు వివరాల్లో రాయని మీటరును అక్కడే పెట్టేయండి. కొలతలను సమయంతో సహా ఫైలుగా బయటికి ఇవ్వనిది రోడ్డు పనికి దండగ. పదకొండు రకాల వాయువులు కొలుస్తానని చెప్పేదానికంటే పీఎం 2.5, కార్బన్ డయాక్సైడ్ రెండే నిజంగా కొలిచేది మేలు. ఇంట్లో ఏ కిటికీ ఎప్పుడు మూయాలి, ప్యూరిఫైయర్ పని చేస్తోందా, కారు ఫిల్టర్ బతికుందా, ఏ పూట నడకకు వెళ్లాలి అన్నవాటికి ఇలాంటి మీటరు నమ్మకంగా జవాబిస్తుంది. ఆ పనికి కొనొచ్చు.

రోడ్డు వల్ల మా వీధికి ఎంత హాని అన్నదే అసలు ప్రశ్న అయితే డబ్బు ఇంకోచోట పెట్టాలి. నైట్రోజన్ డయాక్సైడ్ డిఫ్యూజన్ ట్యూబు అని ఒకటుంది. వేలెడు పొడవున్న ప్లాస్టిక్ గొట్టం, ఒక కొనలో ఆ వాయువును పీల్చుకునే ట్రైఇథనాలమైన్ అనే రసాయనం పూసిన జాలీ. బ్యాటరీ లేదు, ఫ్యాన్ లేదు. మూత తీసి, తెరిచిన కొన కిందికి ఉండేలా, స్తంభానికి చిన్న చెక్కముక్క అడ్డుపెట్టి రెండు మూడు మీటర్ల ఎత్తున కట్టాలి. గోడ మూలల్లో, చెట్టు కొమ్మల చాటున, ఏసీ యూనిట్ దగ్గర కట్టకూడదు, గాలి ఆడదు. తెరిచిన తేదీ, గంట, మూసిన తేదీ, గంట రాసి, రెండు నుంచి నాలుగు వారాల తర్వాత ల్యాబుకు పంపాలి. కిరసనాయిల్, పెట్రోల్ వాసనలు లేని చోట ఫ్రిజ్‌లో ఉంచి పంపడం మంచిది. వచ్చేది ఆ కాలమంతటి సగటు ఒక్కటే. ఏ గంటలో పెరిగిందో చెప్పదు, నిఖార్సైన కొలతకు పాతిక శాతం అటూ ఇటూ ఉండొచ్చు. అయినా రోడ్డంచున రెండు, యాభై మీటర్ల దగ్గర రెండు, రెండు వందల మీటర్ల దగ్గర రెండు కట్టి, మూత తీయని ట్యూబు ఒకటి సరిపోల్చడానికి పక్కన ఉంచుకుంటే, లేజర్ మీటరు చూపలేని, రోడ్డుకు దూరమయ్యేకొద్దీ తగ్గే ఆ తీరు ల్యాబు కాగితం మీద కనిపిస్తుంది.